జంటగా మాత్రమే ఇవ్వబడును

అరవై ఒకటో ఏట నన్ను దత్తతకు పెట్టారు. పెట్టింది మా అమ్మానాన్నలు కాదు, పాపం వాళ్ళు పోయి చాలాకాలమైంది. దీర్ఘదేహ హ్రస్వపాద శునక సంరక్షణ స్వచ్ఛంద సమాజం, కాకినాడ వారు పెట్టారు. ఇందులో వాళ్ళ తప్పేమీ లేదు. నా తప్పు అంతకంటే లేదు. తప్పంతా ఒక ఫారంది.

డాషండ్ అని ఒక జాతి కుక్కలున్నాయి. నడుము బారెడు, కాళ్ళు బెత్తెడు. ముచ్చటపడి తెచ్చుకున్నవాళ్ళు విసుగొచ్చి వదిలేస్తే వాటిని చేరదీసి, మంచి ఇల్లు చూసి దత్తత ఇవ్వడం ఆ సమాజం పని. ఆ జాతి తప్ప వేరే కుక్క గుమ్మంలో పడి మూలుగుతున్నా పట్టించుకోరు. కాళ్ళు పొడుగైతే అది వేరే శాఖ.

నా పేరు వాసంశెట్టి సత్యానందం. ఆర్టీసీలో ముప్పై మూడేళ్ళు కండక్టరుగా చేసి దిగిపోయాను. నాకు కుక్కల పిచ్చి లేదు. జగన్నాథపురం వంతెన దగ్గర టైలర్ జోజి అని నా స్నేహితుడొకడుండేవాడు. వాడి మిషను కింద పదకొండేళ్ళుగా ఒక డాషండ్ పడుకుని ఉండేది. పేరు బాబిన్. డ్యూటీ దిగాక రోజూ ఆ కొట్లో ఓ గంట కూర్చునేవాణ్ణి. జోజి కుట్టేవాడు, నేను మాట్లాడేవాణ్ణి, బాబిన్ నా చెప్పు మీద తల పెట్టుకుని నిద్రపోయేది.

జోజి పోయేముందు ఆస్పత్రిలో నా చెయ్యి పట్టుకుని, "సత్యం, దాన్ని నువ్వు చూసుకోవాల్రా" అన్నాడు. అలాగేరా అన్నాను. అని ఇంటికొచ్చి మా ఆవిడ నాగరత్నానికి చెప్పాను.

"ఈ ఇంట్లో నాలుక్కాళ్ళున్నవి మంచం, కుర్చీలేనండి. అవి బొచ్చు రాల్చవు," అంది.

ఆవిడకి జోజి మీద కూడా కోపమే. ఇరవై ఏళ్ళుగా ప్రతి జాకెట్టూ చంకల్లో బిగుతుగా కుట్టాడని. మానేసి వేరే టైలరు దగ్గరికి వెళ్ళిందా అంటే అదీ లేదు. ఆవిణ్ణి ఒప్పించే ప్రయత్నంలో నేను మూడు వారాలు గడిపాను. ఆ మూడు వారాల్లో జోజి మేనల్లుడు రాజమండ్రి నుంచి వచ్చి, మిషన్లు అమ్మేసి, కొట్టు ఖాళీ చేసి, బాబిన్‌ని సమాజం వాళ్ళకి అప్పగించి వెళ్ళిపోయాడు. నేను వెళ్ళేసరికి కొట్టుకి తాళం. మాటిచ్చినవాణ్ణి నేను, ఆలస్యం చేసిందీ నేనే.

సరే, సమాజం ఆఫీసుకి వెళ్ళాను. ఆఫీసంటే గాంధీనగర్లో అధ్యక్షురాలు మండా హైమవతి గారి ఇల్లు. ఆవిడ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. వెనక వసారాలో కుక్కలు, ముందు గదిలో నియమాలు. నియమాలన్నీ రాసినవారు కార్యదర్శి పుల్లేటికుర్తి కామేశం గారు, రిటైర్డ్ సబ్ రిజిస్ట్రారు. ముప్పై ఏళ్ళు దస్తావేజులు చదివిన మనిషి, మంచినీళ్ళు అడిగినా "ఇందుమూలముగా" అనే మొదలుపెడతాడు.

"మేమంతా స్వచ్ఛందంగా చేస్తున్నామండీ," అన్నారు హైమవతి గారు కూర్చోబెట్టగానే.

ఆ మాటతో సగం నోరు మూతపడింది. జీతం తీసుకునేవాడైతే తిట్టచ్చు, పైవాడికి చెప్పచ్చు. ఊరికే సేవ చేసేవాళ్ళని ఏమంటాం?

కామేశం గారు ఫారం ఇచ్చారు. మొదటి గడిలో, "దత్తత నిమిత్తము వచ్చినవారి పేరు" అని ఉంది. దత్తత నిమిత్తం వచ్చింది నేనే కదా. సిటీ బస్సెక్కి మరీ వచ్చాను. నా పేరు రాశాను.

తర్వాత వయస్సు. అరవై ఒకటి. వన్నె. చామనఛాయ. పళ్ళ స్థితి. కింద రెండు కట్టినవి. చాలా లోతుగా విచారిస్తున్నారే, మంచి సంస్థే అనుకున్నాను. "కరచు స్వభావము గలదా?" లేదు. "అకారణముగా మొరుగునా?" అకారణంగా ఎన్నడూ లేదు అని రాశాను. "బాణసంచాకు బెదురునా?" కొంచెం. "పూర్వ యజమాని?" డిపో మేనేజరు, ఆర్టీసీ. "సదరు యజమాని విడిచిపెట్టుటకు కారణము?" వయసైపోయింది.

"సంతాన నిరోధక శస్త్రచికిత్స జరిగినదా?" దగ్గర ఒక్క క్షణం ఆగాను. పక్కన హైమవతి గారున్నారు. అయినా బాబిన్ కోసం దాచుకోవడమెందుకని, "జరిగినది, రెండో పిల్ల పుట్టాక, క్యాంపులో, బకెట్టు కూడా ఇచ్చారు" అని రాశాను.

చివరి గడిలో, "సదరు వారిని తోడ్కొనిపోవువారి సంతకము" అని ఉంది. అది మాత్రం ఖాళీగా వదిలేశాను. ఇంట్లో ఒప్పుకోలేదు కదా. ఒప్పుకున్నాక రత్నం చేత పెట్టిద్దామనుకున్నాను.

వారానికి ఫోనొచ్చింది. "అభినందనలండీ. కమిటీ మిమ్మల్ని ఏకగ్రీవంగా స్వీకరించింది. రెండు జతల బట్టలతో రండి," అన్నారు హైమవతి గారు.

రెండు జతలు ఎందుకో అర్థం కాలేదు గానీ, కుక్కకి అలవాటు కావడానికి నా వాసన కావాలేమో అనుకుని పట్టుకెళ్ళాను. వెళ్ళాక కామేశం గారు ఫైలు తెరిచారు.

"ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, వాసంశెట్టి సత్యానందం అను తమరు ఈ దినము మొదలు సమాజ సంరక్షణలోనికి తీసుకొనబడితిరి. తగిన గృహము లభించు పర్యంతము వెనక వసారాలో మూడో గడి తమరిది."

"అయ్యా, నేను కుక్కని తీసుకెళ్ళడానికి వచ్చానండి."

"మరి ఫారము మొదటి గడిలో మీ పేరేల వ్రాసితిరి?"

"దత్తత నిమిత్తం వచ్చినవారు అన్నారు. వచ్చింది నేనే కదండీ?"

కామేశం గారు కళ్ళజోడు తీసి తుడిచారు. "వచ్చినవారనగా, దత్తతకు వచ్చినవారు. అమ్మకమునకు వచ్చినది, కోతకు వచ్చినది అనమూ? అటుల."

"పోనీ కొట్టేసి రాసేద్దామండి."

ఆయన మొహంలో ఎవరో మరణించినంత బాధ కనబడింది. "కొట్టివేతలా? పదకొండవ నిబంధన. కొట్టివేతలు, దిద్దుబాట్లు, తుడుపులు చెల్లనేరవు. కొత్త దరఖాస్తు ఆరు మాసముల తరువాత."

బాబిన్‌కి పదకొండేళ్ళు నిండాయి. ఆ వయసు కుక్కకి ఆరు నెలలంటే మనకి ఎన్నేళ్ళో నేను లెక్కెయ్యదల్చుకోలేదు.

"నేను మనిషినండీ," అన్నాను ఆఖరికి.

"ఆ సంగతి ఫారంలో ఎక్కడైనా వ్రాసితిరా?"

వెతికాను. ఎక్కడా లేదు. అడిగితేగా రాయడానికి.

హైమవతి గారు మాత్రం ఒక సాంకేతిక అభ్యంతరం లేవదీశారు. సమాజం ఒక్క జాతికే పరిమితం. సభ్యుడు దీర్ఘదేహుడు, హ్రస్వపాదుడు అవునో కాదో తేలాలి. హమ్మయ్య, బయటపడ్డాను అనుకున్నాను. టేపు తెచ్చారు. మెడ నుంచి నడుము దాకా ఒకసారి, నడుము నుంచి మడమ దాకా ఒకసారి కొలిచారు. కామేశం గారు అంకెలు చదివారు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని తృప్తిగా తలూపారు.

నాకు జోజి గుర్తొచ్చాడు. నా ప్యాంటు కొలతలు తీసినప్పుడల్లా, "ఒళ్ళు పొడుగు, కాళ్ళు పొట్టి. నీ గుడ్డలో నాకు ఎప్పుడూ జేబురుమాలు మిగులుద్దిరా" అని నవ్వేవాడు. ఆ నవ్వు ఇన్నాళ్ళకి నా కొంప ముంచింది.

అప్పుడు వెనక వసారాలోంచి గోళ్ళ చప్పుడు వినబడింది. బాబిన్. మెల్లగా వచ్చి, నా చెప్పు వాసన చూసి, దాని మీద తల పెట్టుకుని పడుకుంది. నెలలో ఎంత చిక్కిపోయిందో. పక్కటెముకలు లెక్కపెట్టచ్చు.

"ఇది తిండి ముట్టట్లేదండీ," అన్నారు హైమవతి గారు. ఆవిడ గొంతులో నిజంగానే బాధ ఉంది. చెడ్డవాళ్ళు కాదు, నియమాలున్నవాళ్ళు, అంతే.

బయటికి పోతే ఫైలు మూసేస్తారు. బాబిన్ మొహం ఇక చూడలేను. లోపలుంటే దాని పక్క గడే నాది. నేను చెప్పులు విడిచి మూడో గడిలోకి వెళ్ళాను. ఇంటికి ఫోన్ చేసి రత్నానికి సంగతంతా చెప్పాను.

"భోజనం పెడతారంటాండి?" అంది.

"రెండు పూటలా. కొలిచి."

"అయితే ఉండండి," అని పెట్టేసింది.

గడిలో ఉండడం అంత కష్టమేమీ కాదు. బస్సులో ముప్పై మూడేళ్ళు నిలబడ్డవాడికి పడుకునే చోటు దొరికితే అదే పదివేలు. పొద్దున్నే బెల్టు కట్టి వీధి చివరిదాకా తీసుకెళ్ళేవారు. బెల్టు ఒక కొస బాబిన్‌కి, రెండో కొస నా చేతికి. ఎవరు ఎవర్ని తీసుకెళ్తున్నట్టో వీధిలోవాళ్ళకి అర్థమయ్యేది కాదు. మధ్యాహ్నం పెరుగన్నం ఇద్దరికీ. నేను పక్కన కూర్చుని "తినరా" అంటే బాబిన్ తినేది. నేను లేచి వెళ్తే ఆపేసేది.

మూడో రోజు వాట్సాప్‌లో మా ఫోటోలు పెట్టారు. నా ఫోటో కింద ఇలా రాశారు: "పేరు సత్యం. ప్రశాంత స్వభావం. ఇంట్లో శుభ్రంగా ఉంటాడు. పిల్లలతో కలుస్తాడు. పిలిస్తే వస్తాడు. 'రైట్ రైట్' అంటే కదులుతాడు. ఇంజెక్షన్లన్నీ అయ్యాయి." చదువుకుని కొంచెం గర్వపడ్డాను. నా గురించి ఒకేచోట ఇన్ని మంచి మాటలు ఎవరూ రాయలేదు. రిటైరైన రోజు సన్మానపత్రంలో కూడా నా పేరు తప్పు పడింది.

చూడ్డానికి మనుషులు రావడం మొదలైంది. రామారావుపేట నుంచి ఒక జంట వచ్చింది. ఆవిడ నా చుట్టూ ఒకసారి తిరిగి, "మెట్లెక్కుతాడా?" అంది. ఎక్కుతానన్నాను. "మాట్లాడేవి మాకొద్దు," అని గొణిగి, బాబిన్ వైపు చూసి, "ఇదీ ముసలిదే. చిన్న వయసువేమీ లేవాండి?" అని హైమవతి గారిని అడిగింది.

ఇంకో ఆయన నా పళ్ళు చూపించమన్నాడు. మరొకాయన వాకింగ్‌కి తోడు కావాలని వచ్చి, రాజకీయాలు మాట్లాడతానా అని అడిగి, మాట్లాడతానంటే వెళ్ళిపోయాడు. అందరూ బాబిన్ని చూసి అదే మాట. వయసైపోయింది. విన్నప్పుడల్లా అది నా మొహంకేసి చూసేది. దానికేం తెలుసులెండి. కానీ నాకు కోపం వచ్చేది. ముప్పై ఏళ్ళు ఏ బస్సులోనైనా ముసలివాళ్ళకి సీటు ఖాళీ చేయించినవాణ్ణి, ఇక్కడ ఇద్దరికీ కలిపి ఒక్క సీటు దొరకడం లేదు.

ఎనిమిదో రోజు కమిటీ కూర్చుంది. బాబిన్ తిండి సంగతి చర్చకొచ్చింది. కామేశం గారు లేచి చదివారు.

"సదరు బాబిన్ అను శునకమును, సదరు సత్యం అను..." అని ఆగి, హైమవతి గారి వైపు చూసి, "అను సభ్యుని వేరుచేసినచో ఉభయుల ఆరోగ్యమునకు భంగము కలుగునని రుజువైనందున, ఇరువురిని విడదీయరాని జంటగా ప్రకటించడమైనది. ఇకమీదట జంటగా మాత్రమే ఇవ్వబడును."

ఆ సమాజం చేసిన నియమాల్లో అర్థమున్నది అదొక్కటే. నేను లేచి దండం పెట్టాను. సభ్యులు లేవరాదన్నారు, కూర్చున్నాను.

కానీ ఆ నియమమే మెడకి చుట్టుకుంది. యానాం దగ్గర తోట ఉన్న ఒకాయన కారేసుకుని వచ్చాడు. జంట అనగానే ఆయన కళ్ళు మెరిశాయి. "రెండూ కావాలండి. ముసలాయన గేటు దగ్గర కూర్చుంటాడు, కుక్క గుమ్మంలో. లక్షణంగా ఉంటది," అన్నాడు. ఇల్లు తనిఖీ అయింది. నీడ ఉంది, గోడ ఉంది, వైద్యుడు దగ్గర. మార్కులు నూటికి తొంభై ఆరు. శనివారం పది గంటలకి అప్పగింత అని రాశారు.

"నాకు పెళ్ళాం ఉందండీ," అన్నాను.

"ఆ గడి ఖాళీగా వదిలితిరి కదా," అన్నారు కామేశం గారు. "తోడ్కొనిపోవువారు లేరనియే భావించితిమి. మీ వారెవరైనా యుండినచో, ముందు వచ్చిన వారికి ముందు. శనివారం పదింటి లోపల."

శుక్రవారం సాయంత్రం రత్నానికి ఫోన్ చేశాను. ఈసారి చమత్కారాలేమీ రాలేదు నాకు. "రత్నం, రేపు పదింటికి నన్ను యానాం పంపేస్తున్నారు. నువ్వు రాకపోతే వెళ్ళాల్సిందే. నువ్వొస్తే జంటగా తీసుకెళ్ళాలి, బాబిన్ కూడా వస్తుంది. అది లేకుండా నన్ను ఇవ్వరు. ఇచ్చినా నేను రాను, జోజికి మాటిచ్చాను," అన్నాను.

అవతల కుక్కరు కూత వినబడింది. ఫోన్ పెట్టేసింది.

శనివారం తొమ్మిదిన్నరకి తోటాయన కారొచ్చింది. ఆయన సంతకం పెట్టడానికి కళ్ళజోడు వెతుక్కుంటుండగా గేటు దగ్గర ఆటో ఆగింది. రత్నం దిగింది. చేతిలో క్యారేజీ. మావిడిపండు రంగు చీర, దాని మీద ఆకుపచ్చ జాకెట్టు. నా వైపు చూడకుండా తిన్నగా కామేశం గారి ముందుకెళ్ళింది.

"ఫారం ఇయ్యండి."

ఇచ్చారు. మొదటి గడి మీద పెన్ను పెట్టింది. దత్తత నిమిత్తము వచ్చినవారి పేరు. "వా" అని రాయబోతోంది.

"హోల్డాన్!" అని అరిచాను. ముప్పై మూడేళ్ళలో అంత గట్టిగా ఎప్పుడూ అరవలేదు. వీధిలో వెళ్తున్న బస్సొకటి నిజంగానే ఆగిపోయింది. రత్నం పెన్ను గాల్లో ఆగింది. "అక్కడ నీ పేరు కాదు, మా పేర్లు! నీది చివర్న!"

మా పేర్లు రాసింది. హైమవతి గారు ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నారు.

"మేము స్వచ్ఛందంగా..."

"తెలుసండీ. అడగండి."

"ఈ జాతి ప్రాణిని పెంచిన అనుభవం ఉందా?"

"ముప్పై నాలుగేళ్ళు."

హైమవతి గారు రాసుకున్నారు. "ఆ కాలంలో విసుగొచ్చి ఎప్పుడైనా వదిలేద్దామనుకున్నారా?"

"రోజూనండి."

"మరి వదల్లేదేం?"

"ఎవరు పట్టుకెళ్తారండీ? ఏదో మీరు కాబట్టి పట్టుకెళ్ళారు."

కామేశం గారు గొంతు సవరించుకున్నారు. "రెండవ ప్రాణి విషయమై తమ అభ్యంతరం పూర్వము నమోదైయున్నది. బొచ్చు రాల్చునని మొన్న మీవారే చెప్పిరి."

అప్పుడే బాబిన్ తన గడిలోంచి బయటికొచ్చింది. నా దగ్గరికి వస్తుందనుకున్నాను. రాలేదు. నన్ను దాటుకుని, ఆ బెత్తెడు కాళ్ళతో వీలైనంత వేగంగా వెళ్ళి, రత్నం కుర్చీ మీద ముందుకాళ్ళు పెట్టి నిలబడి, ఆవిడ జాకెట్టు చెయ్యి దగ్గర ముక్కు ఆనించింది. కుట్టు వెంబడే వాసన చూసుకుంటూ పోయింది. నెలన్నరగా కదలని తోక ఊగడం మొదలుపెట్టింది. మూలిగింది కూడా, చిన్నగా.

"ఇది జోజి కుట్టిందేనండి," అంది రత్నం, ఎవరితోనో తెలీదు. "ఆఖర్న కుట్టింది. ఇదీ చంకల్లో బిగుతే." అని కుర్చీలోంచి జారి నేల మీద కూర్చుంది. నేలంతా బొచ్చుంది. ఆవిడది ఇస్త్రీ చీర. బాబిన్ ఆవిడ చంకలో తల దూర్చేసింది. ఆవిడ క్యారేజీ మూత తీసి ముద్దపప్పు అన్నం కలిపి పెట్టింది. నేను పక్కన లేను, "తినరా" అనలేదు. అయినా మొత్తం తినేసింది.

తోటాయన వాచీ చూసుకుని, చిన్నగా దగ్గి, కారెక్కి వెళ్ళిపోయాడు.

చివరి గడిలో రత్నం సంతకం పెట్టింది. కామేశం గారు ముద్ర వేసి, ఒక పచ్చ చీటీ ఇచ్చారు. "ఇందుమూలముగా తెలియజేయునది, పదిహేను దినముల లోపల ఇరువురిలో ఎవరు నచ్చకున్ననూ ఈ వాపసు చీటీతో తిరిగి అప్పగించవచ్చును. చీటీ లేనిదే వాపసు లేదు."

రత్నం దాన్ని నాలుగు మడతలు పెట్టింది. ఇంటికొచ్చాక బీరువాలో పెట్టి తాళం వేసింది.

ఆ పదిహేను రోజులూ నేనూ బాబిన్ చాలా జాగ్రత్తగా ఉన్నాం. తడి తువ్వాలు మంచమ్మీద వేస్తే రత్నం బీరువా వైపు చూసేది. నేను తీసి దండెం మీద ఆరేసేవాణ్ణి. బాబిన్ పరుపు ఎక్కితే బీరువా వైపు చూసేది. అది దిగిపోయేది. కాఫీలో పంచదార తక్కువైందని ఒక్కసారి కూడా అనలేదు నేను.

పద్నాలుగో రోజు పొద్దున లేచేసరికి వంటింటి గుమ్మంలో బాబిన్ పడుకుని ఏదో నములుతోంది. దగ్గరికెళ్ళి చూశాను. పచ్చగా ఉంది. ఒక మూల కామేశం గారి ముద్ర సగం కనబడుతోంది.

"రత్నం, వాపసు చీటీ ఇది నమిలేసింది!"

"అయ్యో, ఎక్కడో కింద పడుంటదండి," అంది, పప్పు తిరగమోత పెడుతూ, ఇటు తిరక్కుండానే.

ఆ బీరువా తాళాలు ముప్పై నాలుగేళ్ళుగా ఆవిడ బొడ్లోనే ఉంటాయి.